రికవరీ డిస్కు దేన్ని తిరిగి తెస్తుంది?

సామర్లకోటలో ఒక డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, కార్తీక మాసంలో పంచారామ యాత్రకు వచ్చేవాళ్ళు కొనుక్కునే కుమారారామ భీమేశ్వరస్వామి స్థలపురాణం పుస్తకాలు అక్కడి పని. యజమానికి అరవై దగ్గర పడ్డాయి. ఆయన ల్యాప్‌టాప్ విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. ఈమధ్య లేవడం మానేసింది. కొన్నప్పుడు రాసి దాచుకున్న రికవరీ డిస్కు పెట్టినా లేవడం లేదు. మేనకోడలు కాకినాడలో ఇంజనీరింగు చదివి, అక్కడే కంప్యూటర్లు బాగుచేసే పనిలో స్థిరపడింది. డిస్కుని ఎలాగైనా ఎక్కించాలని ఆయన పట్టు. ముందు దాన్ని బయటికి తియ్యాలని ఆమె పట్టు.

మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళల్లో పెళ్ళి ఫొటోలు, పద్దులు, రాతప్రతులు ఇలాంటి రోజునే పోయాయి. యంత్రం మొరాయించగానే ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు, కొట్టేస్తారు. అందుకని ఈ వాదాన్ని వివరంగా రాస్తున్నాను. నా మొగ్గు కోడలి వైపే. అయితే మావయ్య అడ్డుపడకపోతే ఈ మాట సగంలోనే ఆగిపోయేది.

మావయ్య: డిస్కు మంచిదేనమ్మా. కొన్న వారంలోనే రాసి కవర్లో పెట్టి బీరువాలో దాచాను. కంపెనీవాళ్ళు డిస్కులు ఇవ్వలేదు, నువ్వే రాసుకోమని తెర మీద అడిగింది. నాలుగు డీవీడీలయ్యాయి. ఇప్పుడు మొదటిది పెడితే కంపెనీ బొమ్మ దగ్గరే చాలాసేపు ఆగుద్ది. డిస్కు కాసేపు తిరుగుద్ది. ఆ తర్వాత నల్ల తెర మీద తెల్ల గీత కొట్టుకుంటా ఉండిపోద్ది. నువ్వు చెయ్యాల్సిందల్లా దాన్ని ఎక్కించడమే.

కోడలు: ఎక్కితే ఏమవుతుంది మావయ్యా?

మావయ్య: కొన్న రోజున ఎలా ఉందో అలా అవుద్ది. నాక్కావలసింది అదే కదా.

కోడలు: కొన్న రోజున అందులో మీ పని ఏదైనా ఉందా? పేజ్‌మేకరు ఉందా? అను ఫాంట్లు ఉన్నాయా? రికవరీ డిస్కు హార్డ్ డిస్కు మీద ఉన్నదాన్ని చెరిపేసి, ఫ్యాక్టరీలో ఏది ఎక్కించారో దాన్నే మళ్ళీ ఎక్కిస్తుంది. ఎక్స్‌పీ, ఆ కంపెనీ డ్రైవర్లు, నాలుగు ఆటలు. అంతే. అది ఇన్నాళ్ళూ ఎక్కకపోవడం వల్లే మీ ఫైళ్ళు ఇంకా బతికున్నాయేమో అని నేను సంతోషిస్తున్నాను.

మావయ్య: నా పనంతా డీ డ్రైవులో ఉందమ్మా. సీ పోతే పోద్ది.

కోడలు: కొన్ని డిస్కులు సీ ఒక్కటే చెరుపుతాయి. కొన్ని సీ, డీ తేడా చూడకుండా మొత్తం తుడిచేసి విభాగాలు కొత్తగా గీస్తాయి. మీది ఏ రకమో దాన్ని నడిపితే గానీ తేలదు. తేలేసరికి డీ ఉండకపోవచ్చు.

మావయ్య: సరే, భయపెట్టావు. అలాగని ఎందుకు ఎక్కట్లేదో తెలుసుకోకుండా పక్కన పడేయమంటే నా మనసొప్పదు. జబ్బేంటో చెప్పు ముందు. మొన్న ఒకాయన, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ పంపించెయ్యండి, చెనాయ్ ట్రేడ్ సెంటర్లో చేసేస్తారు అన్నాడు. అక్కడ చేసేది ఇక్కడ కూర్చుని మనం చెయ్యలేమా?

కోడలు: చెయ్యగలం. ముందు ఇది చూడండి. బయోస్‌లో తారీఖు ఎంతుంది? ఈ యంత్రం పుట్టకముందు తారీఖు చూపిస్తోంది. అంటే లోపల రూపాయి బిళ్ళ లాంటి సెల్, సీఆర్2032, అయిపోయింది.

మావయ్య: గడియారం తప్పు నడిస్తే బూటవడానికి ఏం సంబంధం?

కోడలు: తారీఖుని నిలబెట్టేదీ, ముందు డీవీడీ చూడాలా హార్డ్ డిస్కు చూడాలా అన్న వరసని గుర్తుపెట్టుకునేదీ ఒకటే సెల్. అది పోతే, బ్యాటరీలో కూడా చార్జి లేనప్పుడు చార్జరు తీసిన ప్రతిసారీ అన్నీ మొదటికొస్తాయి. మీరు డీవీడీని పైకి తెచ్చి సేవ్ చేసినా, రాత్రి ప్లగ్ తీసేస్తే తెల్లారేసరికి అది మళ్ళీ కిందే. అందుకే సెటింగు మార్చకుండా, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ కొట్టి అక్కడ డీవీడీ ఎంచుకోవాలి. కొన్నింటికి ఎఫ్12, కొన్నింటికి ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్. ఆ తర్వాత ఏదైనా కీ నొక్కమని ఒక లైను వస్తుంది. నాలుగైదు సెకన్లలో నొక్కకపోతే అది డిస్కుని వదిలేసి హార్డ్ డిస్కు మీదకి పోతుంది. చాలామంది ఆ లైనుని చూడనే చూడరు.

మావయ్య: నొక్కాను. నొక్కాకే ఆ గీత.

కోడలు: అయితే డ్రైవుని అనుమానించాలి.

మావయ్య: డ్రైవుకేం? మొన్న యంత్రం పడుకునే ముందు రోజు కూడా ఘంటసాల సీడీ వేసుకుని విన్నాను. శుభ్రంగా పాడింది.

కోడలు: సీడీ పాడితే డీవీడీ చదువుతుందని చెప్పలేం. సీడీని చదివే లేజరు వేరు, డీవీడీని చదివేది వేరు. మొదటిది 780 నానోమీటర్ల కాంతి, కంటికి కనపడదు. రెండోది 650, ఎర్రగా ఉంటుంది. ఒకే కటకం వెనకాల రెండూ ఉంటాయి. ఒకటి నీరసించి రెండోది బాగానే ఉండటం మామూలే. అందుకే పాటలు వస్తాయి, రికవరీ రాదు.

మావయ్య: మరి డిస్కో? నా డిస్కుని అనుమానించకు.

కోడలు: అనుమానించాల్సిందే. సినిమా డీవీడీ లాగా అచ్చుకొట్టిన డిస్కు కాదు ఇది, మనం రాసింది. లోపల ఒక రంగు పూత ఉంటుంది. లేజరు దాన్ని చుక్కలు చుక్కలుగా కాల్చి రాస్తుంది. ఎండ, వేడి, తేమ ఆ రంగుని పాడుచేస్తాయి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అంటించినది. మన కాలవగట్టు ఊళ్ళో తేమకి ఆ అతుకు అంచుల్లో విడిపోవచ్చు. బీరువాలో పెట్టారు కాబట్టి ఎండ తగల్లేదు, అది మంచిదే. తేమని మాత్రం బీరువా ఆపలేదు.

మావయ్య: అందుకే నకలు కూడా తీశాను. డిస్కులో ఉన్న ఫైళ్ళన్నీ పట్టుకొచ్చి కొత్త డీవీడీ మీద రాయించాను. అది కూడా ఎక్కలేదు.

కోడలు: అది ఎప్పటికీ ఎక్కదు మావయ్యా. డిస్కు నుంచి యంత్రం లేవడానికి 1995లో ఐబీఎమ్, ఫీనిక్స్ కలిసి ఒక పద్ధతి పెట్టాయి, ఎల్ టొరీటో అంటారు. డిస్కులో 17వ సెక్టారు దగ్గర ఒక చీటీ ఉంటుంది. లేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో అందులో రాసుంటుంది. అది ఫైలు కాదు, అందుకని ఫైళ్ళ జాబితాలో కనపడదు, మీరు ఫైళ్ళు లాగితే రాదు. డిస్కుని డిస్కుగా, మొత్తం ఇమేజి తీసి రాస్తేనే వస్తుంది. వేరే కంప్యూటర్లో ఫైళ్ళు కనపడుతున్నాయి కదా, డిస్కు బాగుందనుకుంటారు అందరూ. ఫైళ్ళు కనపడటం వేరు, దాని నుంచి లేవడం వేరు.

ఇక్కడ ఒక మాట నేను చెప్పాలి. రికవరీ డిస్కు బాగుందో లేదో చూద్దామని దాన్ని ఇంకో కంప్యూటర్లో పెట్టి లేపి చూసేవాళ్ళున్నారు. చాలా డిస్కులు "ఇది ఈ యంత్రానిది కాదు" అని ఆగిపోతాయి. అన్నీ అలా ఆగుతాయని నమ్మకం లేదు. పిల్లల చదువు ఉన్న కంప్యూటర్లో ఆ పరీక్ష చెయ్యకూడదు. చెయ్యాలంటే ముందు దాని హార్డ్ డిస్కు బయటికి తీసి చెయ్యాలి.

కోడలికీ అదే ఆలోచన వచ్చింది. అయితే ఆమె తీస్తానన్నది ఈ ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కునే.

మావయ్య: దాన్ని తీస్తే ఇంక ఎక్కడికి ఎక్కుద్ది రికవరీ?

కోడలు: ఎక్కక్కర్లేదు. డిస్కు నుంచి లేస్తుందో లేదో అంతే చూస్తాను. బయోస్ లేచేటప్పుడు లోపల ఏమేం ఉన్నాయో ఒక్కొక్కదాన్నీ పలకరిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న హార్డ్ డిస్కు జవాబు చెప్పదు, అలాగని లేనని కూడా చెప్పదు. దాని కోసం మిగతావన్నీ కాచుకుంటాయి. డీవీడీ నుంచి లేచిన ప్రోగ్రాం కూడా ముందు హార్డ్ డిస్కునే వెతుకుతుంది, అక్కడే ఇరుక్కుంటుంది. మీరేమో డిస్కుని తిడతారు, డ్రైవుని తిడతారు.

మావయ్య: చూడు. కానీ ఆ మూత నేనే విప్పుతాను.

బ్యాటరీ తీశారు, చార్జరు పీకారు. ఒంట్లో కరెంటు పోవడానికి బటను కొంతసేపు నొక్కి పట్టుకున్నారు. అడుగున రెండు మరలు విప్పితే హార్డ్ డిస్కు ట్రే బయటికి జారింది.    తర్వాత డిస్కు పెట్టి ఆన్ చేశారు. కంపెనీ బొమ్మ వచ్చి వెంటనే వెళ్ళింది. నీలం తెర మీద రికవరీ మెనూ వచ్చింది. హార్డ్ డిస్కు కనపడటం లేదని అడుగున రాసి ఉంది.

మావయ్య: చూశావా! నా డిస్కు బంగారం. డ్రైవూ బంగారమే. ఇందాకటి నుంచి తేమన్నావు, లేజరన్నావు.

కోడలు: డిస్కు విషయంలో మీరే రైటు. మరి జబ్బు దేనికో కూడా తేలిపోయింది కదా. హార్డ్ డిస్కుకి. మీ పనంతా ఉన్నది దాంట్లోనే.

మావయ్య: (కాసేపాగి) ఒక పని చేద్దామమ్మా. ఈ హార్డ్ డిస్కుని అసలు వెనక్కి పెట్టొద్దు. కొత్తది ఒకటి కొని ఇందులో పెడదాం. రికవరీ దాని మీదకి ఎక్కిద్దాం. చెరిపితే ఆ కొత్తదాన్నే చెరుపుద్ది. పాతది నీ చేతిలో ఉంటాది, నువ్వేం చేసుకుంటావో చేసుకో. ఎలాగుంది?

కోడలు: నేను చెప్పాల్సింది మీరు చెప్పారు. రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ దీనికి సరిపోతుంది. పాతదానికంటే చిన్నది మాత్రం తీసుకోకూడదు, కొన్ని రికవరీ ప్రోగ్రాములు ఒప్పుకోవు. ఇంకోటి, సెల్ అయిపోయింది కాబట్టి బయోస్‌లో సాటా మోడ్ మారిపోయి ఉండొచ్చు. ఫ్యాక్టరీ ఇమేజి ఏ మోడ్‌కి తయారైందో అదే ఉండాలి. తేడా వస్తే ఎక్స్‌పీ నీలం తెర వేసి 7బీ అని తప్పు చూపిస్తుంది. అప్పుడు ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈ చెయ్యాలి, ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ. కొత్త సెల్ వేశాకే మొదలుపెడదాం.

మావయ్య: ఆ ఎక్స్‌పీ లైసెన్సు కూడా ఈ యంత్రం మీదే ఉంది. దొంగది వేసుకోను నేను.

కోడలు: అందుకే నాకూ ఇది నచ్చింది. కానీ దీన్ని నెట్‌కి కలపనని మాటివ్వండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రత చూడటం 2014 ఏప్రిల్ 8తోనే ఆపేసింది. పేజీ పెట్టడానికీ ప్రింటు తియ్యడానికీ వాడుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టేముందు వేరే దాంట్లో వైరస్ చూసి పెట్టండి.

మావయ్య: సరే. ఇంక మాస్టారి పుస్తకం సంగతి చూడు.

వాదం ఇక్కడితో సర్దుకోవాల్సింది. సర్దుకోలేదు. మాస్టారంటే ఆ ఊరి రిటైరైన బడిపంతులు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలొచ్చాక చుట్టుపక్కల పల్లెలు ఎలా మారాయో, ఏ చెరువుకి ఆ పేరు ఎందుకొచ్చిందో, ఏ ఇళ్ళవాళ్ళు ఎక్కడి నుంచి వలసొచ్చారో వృద్ధుల్ని అడిగి రాసిన పుస్తకం. ఆయన ఇప్పుడు లేరు. పేజీలు పెట్టింది ఈ ల్యాప్‌టాప్‌లోనే. అచ్చయినవి కొద్ది ప్రతులు. ఆ తర్వాత ఆయన చేర్చినవి, దిద్దినవి ఈ హార్డ్ డిస్కులో తప్ప ఎక్కడా లేవు.

కోడలు: ఇది నా దగ్గర సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే వైరుకి తగిలించి, లైనక్స్ నడిచే కంప్యూటరుకి పెడతాను. విండోస్‌కి పెడితే ఇది చూడగానే "ఫార్మాట్ చెయ్యమంటారా" అంటుంది, లేదా తప్పులు దిద్దుతానని చెక్‌డిస్క్ మొదలుపెడుతుంది. రెండూ చెయ్యనివ్వకూడదు. జబ్బు చేసిన డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు, చదవడమే. డీడీరెస్క్యూ అని ఉంది. తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ ముందు తీసేసుకుంటుంది, మొండికేసిన చోట్లు చివరికి ఉంచుతుంది. ఎంతవరకు చదివిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ అక్కడి నుంచే మొదలు.

మావయ్య: ముందు మాస్టారి ఫోల్డరు తియ్యి. డీ డ్రైవులో "గ్రంథాలు" అని ఉంటాది. శుభలేఖలు పోయినా పర్వాలేదు, ఆ పెళ్ళిళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

కోడలు: ఒక్క ఫోల్డరు వెతికితే హెడ్డు డిస్కంతా అటూ ఇటూ గెంతాలి. వరసగా చదివితే శ్రమ తక్కువ. మొత్తం తీసి, ఆ నకలులోంచి మీ ఫోల్డరు వెతుకుతాను.

మావయ్య: మొత్తం తీసేలోపు అది చచ్చిపోతే? వరసలో నా ఫోల్డరు చివర్న ఉంటే? ఇల్లు తగలబడుతుంటే ఎవరైనా గుమ్మం నుంచి సామాన్లు వరసగా మోస్తారా? పసిపిల్ల ఎక్కడుందో అక్కడికే పోతారు.

దీనికి ఆమె వెంటనే జవాబు చెప్పలేకపోయింది. రెండూ నిజమే కాబట్టి. డిస్కు చెవికి చప్పుడు లేకుండా తిరుగుతుంటే, కొన్ని సెక్టార్లే చదవలేకపోతుంటే వరసగా మొత్తం తీసుకోవడం మంచిది. టక్ టక్ మని కొట్టుకోవడం మొదలైతే ప్రతి నిమిషమూ విలువైనదే, అప్పుడు కావలసిన ఫోల్డరు ముందు. కొట్టుకోవడం ఎక్కువైతే అసలు కరెంటే ఇవ్వకూడదు. డేటా తీసే ల్యాబులకి వదిలెయ్యాలి. లోపల హెడ్డు పలక మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంటుంది, ఒక్క ధూళి రేణువు దానికి కొండ. ఇంట్లో మూత విప్పి చూడటం, ఫ్రిజ్‌లో పెట్టి తియ్యడం లాంటివి ఎవరు చెప్పినా చెయ్యొద్దు.

కోడలు: ఇదిగో, చెవి పెట్టి వినండి. సన్నగా తిరుగుతోంది, కొట్టుకోవడం లేదు. మొదటి విడత వరసగా నడుపుతాను. చప్పుడు మారితే ఆపేసి మీ ఫోల్డరు చూస్తాను. సరేనా?

మావయ్య: పక్కనే కూర్చుంటాను నేను.

మొదటి విడతలోనే చాలావరకు వచ్చింది. "గ్రంథాలు" ఫోల్డరు ఉంది. మాస్టారి పుస్తకం ఉంది. ఆమె తన ల్యాప్‌టాప్‌లో అందులోంచి అక్షరాలు కొన్ని తెరిచి చూపించింది. తెర నిండా ఇంగ్లీషు పిచ్చిరాతలు. చుక్కలు, కొమ్ములు, అర్థం లేని గుర్తులు.

మావయ్య: చూశావా మరి! ఫైలొచ్చింది, పుస్తకం వచ్చిందా? ఇందాక నుంచి నేననేది ఇదే. యంత్రం కంటే ఫైళ్ళు ముఖ్యమన్నావు. ఈ ఫైలు చదవాలంటే నా ఎక్స్‌పీ కావాలి, నా పేజ్‌మేకరు కావాలి, నా అను ఫాంట్లు కావాలి. అవి లేకపోతే ఇది ఎవరికీ పనికిరాదు. అందుకే పాత యంత్రాన్ని యథాతథంగా నిలబెట్టమన్నాను.

నిజానికి ఈ మాట కోసమే నేను ఈ సంవాదం రాస్తున్నాను. మావయ్య చెప్పింది తెలుగు అచ్చు పనిలో ఓ తరం మొత్తానికి వర్తిస్తుంది. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికొచ్చింది. 2001లో వచ్చిన 7వ కూర్పే దానికి ఆఖరు. అయినా మన డీటీపీ సెంటర్లు దాన్ని వదల్లేదు. అందులో వాడిన తెలుగు ఫాంట్లకి కంప్యూటర్ దృష్టిలో తెలుగంటే తెలియదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు, అంటే తలకట్లు, కొమ్ములు, ఒత్తులు విడివిడిగా కూర్చోబెట్టారు. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే చెత్త. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే సొంత గదులున్నాయి, ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉంది. పేజ్‌మేకరుకి మాత్రం ఆ తెలుగు పట్టలేదు. అందుకని ఒకే ల్యాప్‌టాప్‌లో తెలుగు తెలిసిన విండోస్, తెలుగు తెలియని పేజ్‌మేకర్ పక్కపక్కనే ఏళ్ళ తరబడి బతికాయి. పుస్తకాలు, సంచికలు, స్థలపురాణాలు ఎన్నో ఈ రెండో వైపునే పోగుపడ్డాయి.

కోడలు: మీరన్నది ఒప్పుకుంటాను. కొత్త ఎస్ఎస్‌డీ మీద మీ యంత్రం లేస్తుంది. పేజ్‌మేకర్ వేస్తారు, ఫాంట్లు వేస్తారు, పుస్తకం తెరుచుకుంటుంది. తర్వాత? మదర్‌బోర్డు పోతే? ఈ రికవరీ డిస్కుని డ్రైవు నిజంగానే చదవలేకపోతే? అందుకే తెరుచుకున్న రోజే దీన్ని యూనికోడ్‌లోకి మార్చెయ్యాలి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి.

మావయ్య: చూశాను వాటి పని. ఒక ఒత్తు ఎక్కడో వేలాడుద్ది. మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే దాన్ని కూడా తెలుగనుకుని ఏదో చేసేస్తాది. మాస్టారి పుస్తకంలో పాత రెవెన్యూ రికార్డుల నుంచి ఇంగ్లీషు మాటలు బోలెడు. ఆయన బతికుంటే అలాంటి ప్రూఫు చూసి నా మొహాన కొట్టేవారు.

కోడలు: కాపీ చేసి అతికిస్తే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో పోతుంది, అందుకే అలా అవుతుంది. ఫాంటు వివరం పోకుండా ఆర్‌టీఎఫ్‌గా బయటికి తీసి, తెలుగు ముక్కల్నే మార్చాలి. అలా చేసినా కొన్ని తప్పులుంటాయి. మనిషి కూర్చుని చదవాల్సిందే.

మావయ్య: పీడీఎఫ్ చేసేస్తే పోలేదా? ఫాంటు లోపలే ఉంటాది. ఏ ఫోనులోనైనా కనపడుద్ది, అచ్చుకీ పనికొస్తాది.

కోడలు: కనపడుతుంది. వెతకడం కుదరదు. పెద్దాపురం అని కొడితే ఆ పీడీఎఫ్‌లో ఒక్క పెద్దాపురం కూడా దొరకదు. కాపీ చేస్తే మళ్ళీ ఇందాకటి పిచ్చిరాతలే. కళ్ళు కనపడనివాళ్ళ కోసం చదివిపెట్టే ఎన్వీడీఏ లాంటి ప్రోగ్రాముకి అది చూపిస్తే అది కూడా పిచ్చిమాటలే చదువుతుంది. మాస్టారు ఎవరి ముత్తాత ఎక్కడి నుంచి వచ్చాడో రాశారు. ఆ మునిమనవలు ఇప్పుడు ఏ హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు. వాళ్ళు ఇంటిపేరు కొడితే ఈ పేజీ దొరకాలి. పీడీఎఫ్ చేసి ఉంచుదాం, అచ్చు రూపం దాంట్లో నిలుస్తుంది. అది మాత్రమే చాలదు.

మావయ్య: అచ్చు రూపం అన్నావు చూడు, అదీ నా బాధ. ఒక్కో హెడ్డింగులో ఒత్తులు నా చేత్తో జరిపాను. కింద లైనుకి తగలకుండా, పైన గుడి కట్టుకుని అందంగా ఉండేలా. నీ యూనికోడ్ ఫాంట్లు అన్నీ ఒకేలా ఉంటాయి.

కోడలు: అది పాత మాట మావయ్యా. ఒకప్పుడు పోతన, వేమన ఫాంట్లే దిక్కు. అవి చేసి ఉచితంగా ఇచ్చిన దేశికాచార్యులుగారికి మనం దణ్ణం పెట్టాలి. ఇప్పుడు సిలికానాంధ్ర సంస్థ ఇచ్చినవే ఎన్ని ఉన్నాయో! లోపల మేటరుకి మండలి, హెడ్డింగులకి రామభద్ర. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇన్‌డిజైన్‌లో, స్క్రైబస్‌లో పేజీ పెట్టుకోవచ్చు. మీ వేళ్ళకి అలవాటైన యాపిల్ కీబోర్డు వరస కూడా యూనికోడ్‌లో ఉంది. వేళ్ళకి మళ్ళీ చదువు చెప్పక్కర్లేదు.

మావయ్య: ప్రూఫు ఎవరు చూస్తారు?

కోడలు: నేను కన్వర్టు చేస్తాను, మీరు చూస్తారు.

మావయ్య: నేనొక్కడినే చూస్తే నా కళ్ళు అలవాటుగా దాటిపోతాయి. పాత ప్రెస్సుల్లో ఒకరు కాపీ పైకి చదివితే ఇంకొకరు ప్రూఫు దిద్దేవారు. అచ్చయిన ప్రతి ఒకటి మాస్టారి అమ్మాయి దగ్గర పెద్దాపురంలో ఉంది, అడిగి తెస్తాను. ఆదివారాలు నువ్వు కాకినాడ నుంచి వస్తే నేను పైకి చదువుతాను, నువ్వు దిద్దు. చివర్లో ఆయన చేర్చినవి ఉన్నాయే, వాటికి అచ్చు ప్రతి లేదు. అవి మాత్రం నా యంత్రం లేచాకే, నా పేజ్‌మేకర్‌లో తెరిచి పక్కన పెట్టుకుని చూడాలి. అందుకని నీ కన్వర్టరు కంటే ముందు నా రికవరీ ఎక్కాలి.

కోడలు: ఎక్కిద్దాం. కొత్త ఎస్ఎస్‌డీ రాగానే. ఈలోపు ఈ ఇమేజికి రెండో నకలు ఇంకో డ్రైవు మీద తీస్తాను. అది మీ ఇంట్లో ఉండాలి, ఈ షాపులో కాదు.

మావయ్య: అలాగే. ఆ రామభద్రేదో ఉందన్నావు కదా. దాంట్లో చి.ల.సౌ. లక్ష్మి అని 48 పాయింట్లలో కొట్టి ప్రింటు తీసి చూపించు. ఆ క్ష కింద మకారం ఎక్కడ కూర్చుంటుందో చూశాక చెప్తాను.